మూడు వేల తాళాలకు ఒకే చెవి

ఆ వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన కప్పల మామ. నీళ్లలో బెకబెకలాడే కప్పలు కాదు లెండి, తలుపుకు వేసే తాళంకప్పలు. ముప్పై ఏళ్లుగా పదడుగుల గదిలో, బల్లకు బిగించిన పట్టకారు ముందు కూర్చుని ఇత్తడి కోసి, అరగదీసి, తాళాలు చేస్తున్నాడు. ఆ ముప్పై ఏళ్లలో ఆయన కనుబొమల్లో ఎంత ఇత్తడి పొడి చేరిందంటే, తుమ్మినప్పుడల్లా చిన్న గంట పోతపోయడానికి సరిపడా పొడి బల్ల మీద రాలిపడేదని చెప్పుకునేవాళ్లు. అబద్ధమని కొట్టిపారేయకండి. దానికి సాక్షులు కూడా ఉన్నారు, వాళ్లు ఆయన కంటే పెద్ద కోతలరాయుళ్లు.

ఓ దొంగ కథ కూడా ఉంది. ఇంటివాళ్లు ఊరెళ్లారని తెలిసి, పట్టపగలు ఒక ఇంటి ముందు కూర్చుని మామ చేసిన తాళంతో పెనుగులాడాడట. మధ్యాహ్నం మొదలుపెట్టినవాడు సాయంత్రానికి వెక్కివెక్కి ఏడ్చి, పనిముట్లన్నీ ఆ గడప మీదే వదిలేసి, మర్నాటి నుంచి కూరగాయల బండి పెట్టుకుని మర్యాదగా బతికాడట. "నా తాళం ఒకణ్ణి బాగుచేసింది. బడిపంతులు చేయలేని పని" అని మామ మీసం దువ్వేవాడు.

గొప్పలు ఎన్ని పోయినా పని దగ్గర మాత్రం ఆయన కోత కోయడు. ముందు తాళంచెవి చేస్తాడు. ఆకురాయి పట్టుకుని, పాత చెవి వైపు చూడకుండా, చేతికి ఎలా తోస్తే అలా పళ్లు దించుతాడు. ఆ పళ్లకు సరిపోయేలా కప్పలో మీటలు అమరుస్తాడు. తర్వాత గోడకు వేలాడే తీగ మీంచి అంతకుముందు చేసిన నలభై చెవులు దించి, ఒక్కోటీ కొత్త తాళంలో పెట్టి తిప్పి చూస్తాడు. ఏ ఒక్క చెవికి తాళం కదిలినా ఇంకేం మాట్లాడడు, సుత్తి తీసుకుని కప్పను చితక్కొట్టేస్తాడు. నలభై చెవులూ ఓడిపోయాకే దాని నుదుటి మీద అర్ధచంద్రం ముద్ర కొడతాడు. ఆ ముద్ర పడిందంటే మాట ఇచ్చినట్టే: ఈ తాళం దాని చెవికి తప్ప ఇంకెవరికీ లొంగదు.

అలాంటి గదిలోకి ఒక ఉదయం ఎగుమతుల ఆఫీసరు వచ్చాడు. దేశానికి విదేశీ డబ్బు కావాల్సి వచ్చిన రోజులవి. రేడియోలో పాటకూ పాటకూ మధ్య ఎగుమతి, గోడల మీద ఎగుమతి, బస్సు టిక్కెట్టు వెనక కూడా ఎగుమతి. ఆ ఊపు చూస్తే నలుగురు నిలబడి దగ్గినా డబ్బాల్లో పెట్టి ఓడ ఎక్కించేలా ఉన్నారు.

"అదృష్టవంతుడివయ్యా" అన్నాడు ఆఫీసరు. "నీ తాళం ఒకటి నమూనాగా పంపాం. అవతల దేశం వాళ్లకు నచ్చింది. మూడు వేలు కావాలట. పన్ను లేని ఇత్తడి ఇస్తాం, సగం ధరకు కరెంటు ఇస్తాం, డ్రిల్లింగు మిషను ఇస్తాం."

"బదులుగా ఏమివ్వాలి సార్?"

"ఏం లేదు. ఏడాది పాటు ఒక్క తాళం కూడా ఇక్కడ అమ్మకూడదు. అంతా ఎగుమతే. సరుకుకూ నమూనాకూ వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. అంతే."

ఆ 'అంతే' అన్న మాటను ఆఫీసర్లు ఎంత తేలిగ్గా అంటారో, అది అంత బరువుంటుంది. కానీ ఆ పూట మామ గాల్లో తేలుతున్నాడు. ఓడలు, సముద్రాలు, అవతల ఎవరో దొర తలుపుకు తన అర్ధచంద్రం. కాగితం మీద సంతకం గీసి పారేశాడు.

ఆ వారమే పక్కింటి కుట్టుమిషను అక్క వచ్చింది. "బాబాయ్, పాత తాళం తుప్పు పట్టింది. ఒకటివ్వు."

"అమ్మకూడదే అమ్మాయ్. అన్నీ ఫారిన్‌కి."

"అబ్బో! మా తలుపు చేసుకున్న పాపమేంటో? దానికి పాస్‌పోర్టు లేదనా?"

మామ నవ్వాడు గానీ ఆమె నవ్వలేదు.

మొదటి విడత నాలుగు వందల పన్నెండు తాళాలు పూర్తయ్యాయి. తనిఖీకి ఆఫీసరు స్వయంగా వచ్చాడు. జేబులోంచి లక్క ముద్ర వేసిన సంచి తీసి, అందులోంచి నమూనా తాళంచెవి తీశాడు. మొదటి డబ్బా తెరిచి, పైనున్న తాళంలో ఆ చెవి పెట్టి తిప్పాడు. కదల్లేదు. రెండోది. కదల్లేదు. పదో తాళానికి ఆయన చెమట తుడుచుకున్నాడు.

"ఏంటయ్యా ఇవి? ఒక్కటీ తెరుచుకోదేం?"

"దేని చెవి దానికి కట్టే ఉంది సార్. ఇదిగోండి, దీంతో తిప్పండి."

"దాని చెవి నాకెందుకు? నమూనా చెవి పట్టాలి. రూలు చదువుతా విను. 'ప్రతి సరుకూ ముద్ర వేసిన నమూనాతో అన్ని విధాలా సరిపోవలెను.' అన్ని విధాలా అంటే అన్ని విధాలా."

మామ పకపకా నవ్వాడు. "సార్ భలే వేళాకోళం చేస్తారు." నవ్వుతూనే ఆఫీసరు ముఖం చూశాడు. అక్కడ వేళాకోళం లేదు, కలం మూత తీస్తున్నాడు. మామ నవ్వు మధ్యలోనే చల్లారిపోయింది.

"సార్, మీ ఇంటి తాళం మా ఇంటి చెవితో తెరుచుకుంటే మీరూరుకుంటారా?"

"మా ఇంటి సంగతి ఎగుమతి విధానంలో లేదు" అన్నాడు ఆఫీసరు. నాలుగు వందల పన్నెండింటికీ ఎర్ర సిరాతో 'తిరస్కృతి' అని రాశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఏడాది ఆఖరులోగా మూడు వేలూ ఓడ ఎక్కాలి. ఎక్కకపోతే నీ లైసెన్సు రద్దు. ఆ తర్వాత నీ అర్ధచంద్రం దేని మీద కొట్టినా నేరమే. ఆలోచించుకో."

మామ బల్ల మీది ముద్రను చేతిలోకి తీసుకున్నాడు. ఆ ముద్ర ఆయన తండ్రి ఇచ్చింది కాదు, తాత ఇచ్చింది కాదు. పాతికేళ్ల వయసులో, ఎవరి దగ్గరా కూలి చేయనని బయటికొచ్చి, తనంతట తాను ఉక్కు ముక్కలో చెక్కుకున్నది. అది పోతే ఆయన తాళాలు చేసే మనిషి కాదు, ఇత్తడి రుద్దే మనిషి.

ఇంట్లో సంగతి చెప్పాడు. భార్య వంట గట్టు తుడుస్తూ వింది. "వాళ్లే అడుగుతున్నారు, వాళ్లే తీసుకుంటున్నారు. సముద్రం అవతల ఎవడి తలుపు ఎవడు తీస్తే నీకెందుకయ్యా?"

"ముద్ర నాది కదే."

"చెయ్యకపోతే ముద్రే ఉండదంటున్నారుగా. అప్పుడేం కొడతావ్, డప్పా?"

మర్నాడు మామ మిషను స్విచ్చి వేశాడు. ముద్రను కాపాడుకోవడానికి ముద్రతోనే అబద్ధం చెప్పడానికి ఒప్పుకున్నాడు.

మూడు నెలలు పట్టింది. ఆకురాయి మూలన పడింది. సర్కారు ఇచ్చిన మిషను ఒకే చోట ఒకే లోతున బెజ్జం వేసేది. ఒకే మీటలు, ఒకే పళ్లు. తీగ మీద చెవులు వేలాడదీసే పని లేదు, అన్నీ ఒకటే కదా. భోజనం చేస్తుంటే కూడా ఆయన వేళ్లు కంచం అంచు మీద అవే పళ్లు తడుముతుండేవి. ఎత్తు, పల్లం, పల్లం, ఎత్తు. చివరి తాళం మీద అర్ధచంద్రం కొట్టినప్పుడు సుత్తి జారి బొటనవేలి మీద పడింది. ముప్పై ఏళ్లలో అది మొదటిసారి.

ఆఫీసరు నమూనా చెవితో మూడు వేలూ తిప్పి చూశాడు. అన్నీ వినయంగా తెరుచుకున్నాయి. "శభాష్! నాణ్యత అంటే ఇదీ!" లారీ ముందు ఫోటో తీశారు. 'ఆదర్శ ఎగుమతిదారు' అని అద్దం కట్టిన కాగితం ఇచ్చారు. ఆ ఏడాది లక్ష్యం పూర్తయిందని రేడియో చెప్పింది.

నాలుగు నెలలకు సరుకు తిరిగొచ్చింది. అవతలివాళ్లు రెండు డబ్బాలు విప్పి చూసి, ఒకే ఒక్క వాక్యం రాసి పంపారట: 'మేము అడిగినది తాళాలు.' అయినా ఆఫీసులో ఎవరి ముఖమూ వాడిపోలేదు. ఎందుకు వాడుతుంది? తాళాలు వెళ్లినప్పుడు ఎగుమతుల పద్దులో చేరాయి, తిరిగొచ్చినప్పుడు దిగుమతుల పద్దులో చేరాయి. ఒక్క దెబ్బకు విదేశీ వాణిజ్యం రెండు వైపులా పెరిగింది. దిగుమతి సరుకు గనుక రేవులోనే వేలం వేశారు. పాడుకున్న వ్యాపారి వాటిని ఈ ఊరికే తెచ్చి, బజారు మధ్యలో గుట్టగా పోసి 'ఫారిన్ తాళాలు' అని బోర్డు పెట్టాడు. వారం తిరక్కుండా గుట్ట మాయమైంది. సొంత ఊళ్లో చేసిన తాళానికి ఊరు అంతగా ఎగబడింది ఎన్నడూ లేదు.

కుట్టుమిషను అక్క ప్రత్యేకంగా మామను పిలిచి మరీ చూపించింది. "చూశావా బాబాయ్? నువ్వు ఇవ్వనన్నావుగా. ఫారిన్‌దే కొన్నా. పట్టుకుని చూడు, ఎంత నునుపో!"

ఆమె తలుపుకు అర్ధచంద్రం వేలాడుతోంది. మామ దాన్ని పట్టుకుని ముద్ర చూశాడు, తన చేతిదే. తలెత్తి వీధి వెంట చూశాడు. ఎదురింటి తలుపుకు ఒకటి. దాని పక్కన రెండు. మందుల షాపుకు మూడు.

సరాసరి ఎగుమతుల ఆఫీసుకు నడిచాడు. "సార్, ఊరంతా ఒకే చెవితో తెరుచుకుంటోంది. చాటింపు వేయించండి. ఆ తాళాలు వెనక్కి తెప్పించండి."

"అరవకు. రెండో ఆర్డరుకు మాటలు నడుస్తున్నాయి. నోరు జారావంటే దేశం పరువు పోతుంది" అని ఆఫీసరు తలుపు వైపు చూపించాడు. ఆయన బీరువాకు తాళం లేదు, నంబర్లు తిప్పేది ఉంది.

మామ తిరిగొచ్చి కుట్టుమిషను అక్కకే మొదట చెప్పాడు. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుంది. "కుళ్లు బాబాయ్ నీకు. నీ దగ్గర కొనలేదని ఉక్రోషం."

చెబితే నమ్మరు. చూపిస్తే నమ్ముతారుగా అనుకున్నాడు. తాళం మనిషికి తాళమే సాక్ష్యం. అక్కడే ఆయన బుర్ర బోల్తా కొట్టింది. ఇంటికెళ్లి మూడు వేలలో మిగిలిపోయిన ఒక చెవి జేబులో వేసుకుని, ఎండ నెత్తిన కొడుతుండగా బయల్దేరాడు. ఒక్కో తలుపు దగ్గర ఆగడం, తాళం తీయడం, తీసిన తాళాన్ని గొళ్లేనికే వేలాడదీసి పక్క ఇంటికి పోవడం. పనుల్లోంచి వచ్చి చూసుకుంటే వాళ్లకే అర్థమవుతుందని ఆయన లెక్క. పది ఇళ్లు అలా తెరిచాడు. పదకొండో గుమ్మం దగ్గర ఎవరో గట్టిగా చొక్కా పట్టుకున్నారు.

"దొంగ! దొరికాడు దొంగ!"

"నేనురా, మీ మామని! తాళం మంచిది కాదని చెబుతున్నా!"

"అయితే మా ఇల్లెందుకు తీశావ్?"

ఆ ప్రశ్నకు మామ దగ్గర ఉన్న జవాబు నిజమే, కానీ గుంపులో చెప్పుకోదగ్గ నిజం కాదు. రెండు దెబ్బలు పడ్డాక పోలీస్ స్టేషనుకు తీసుకెళ్లారు.

ఎస్సై ఆ చెవిని వేళ్ల మధ్య తిప్పుతూ, ఊరికే సరదాకి, వెనకనున్న బీరువా తాళంలో పెట్టాడు. టక్కుమని తెరుచుకుంది. లోపల ఊళ్లో జరిగిన దొంగతనాల సాక్ష్యాలన్నీ ఉన్నాయి. ఎస్సై బీరువా తలుపు ధబాలున మూసేశాడు. తాళం సంగతంతా మామ నోట విని, గబగబా ఎగుమతుల ఆఫీసుకు ఫోన్ చేశాడు. అరగంటలో ఎగుమతుల ఆఫీసరు వచ్చాడు, చేతిలో అప్పటికే రాసిన కాగితంతో.

"సంతకం పెట్టు" అన్నాడు మెత్తగా. "ఆ తాళాలు నావి కావు, ఎవరో నా ముద్రను దొంగతనంగా కొట్టారు అని ఉంది. ఇప్పుడే ఇంటికెళ్లొచ్చు. లైసెన్సు నీదే, అర్ధచంద్రం నీదే."

"పెడితే ఊళ్లో ఆ తాళాలు ఎవరు మారుస్తారు సార్?"

"ఎవరూ మార్చరు. ఎవరు చేశారో తెలియనప్పుడు ఎవర్ని అడుగుతారు?"

"పెట్టకపోతే?"

"నాసిరకం సరుకు పంపి దేశానికి చెడ్డపేరు తెచ్చినవాడివి. ముద్ర ఇక్కడే పెట్టేసి వెళ్తావు."

మామ కలం తీసుకున్నాడు. కాగితం మీద కాసేపు ఆన్చి ఉంచాడు, సిరా చుక్క ఒకటి ఊరింది. తర్వాత కలం కింద పెట్టి ఎస్సై వైపు తిరిగాడు. "అయ్యా, తమరే రాసుకోండి. మూడు వేలూ నేనే చేశాను. అన్నిటికీ ఒకే చెవి. ముద్ర నాదే."

ఉక్కు ముద్రను ఆ సాయంత్రమే కొట్టులోంచి తెప్పించి, చీటీ కట్టి లోపల పెట్టుకున్నారు. ఆ ముద్ర ఏ బీరువాలోకి వెళ్లిందో వేరే చెప్పాలా?

నిజం ఒప్పుకున్నందుకు ఊరు నెత్తిన పెట్టుకుంటుందని ఎవరైనా అనుకుంటే వాళ్లు ఈ ఊరివాళ్లు కారు. "ఇంటింటికీ చెవి చేసుకుని దాచుకున్నాడట" అన్నారు. కుట్టుమిషను అక్క ఆయన ఎదురొస్తే చేతిసంచి చంకలోకి లాక్కుంది. కొందరు తాళాలు మార్చుకున్నారు. ఎక్కువమంది డబ్బు పోసి కొన్నామని అవే ఉంచుకున్నారు.

మర్నాడు పొద్దున్నే గుమాస్తా వచ్చి కొట్టుకు సీలు వేశాడు. షట్టరు దించి, సంచిలోంచి తాళం తీశాడు. దాని మీద అర్ధచంద్రం.

"బాబూ, అది వేయకండి" అన్నాడు మామ. "ఊళ్లో ఏ చెవి పెట్టినా తెరుచుకుంటుంది. లోపల నా పనిముట్లున్నాయి."

"ఇది ఎగుమతి నాణ్యత తాళం పెద్దాయనా. ఇంతకంటే మంచిది మా స్టోర్సులో లేదు" అని గుమాస్తా దాన్ని నొక్కి, గట్టిగా లాగి చూసి, తృప్తిగా సైకిలెక్కాడు.

ఆ పూట నుంచి మామ కొట్టుకు ఎదురుగా అరుగు మీద కూర్చుంటున్నాడు. దారినపోయే వాళ్లు చాలామంది జేబులో చెవి ఆడించుకుంటూ ఆ తాళం వైపు చూసి, ఆయన్ను చూసి, నవ్వుకుంటూ పోతున్నారు. మధ్యాహ్నం భార్య క్యారియరు తెచ్చి పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్లయ్యా ఈ కాపలా?"

"గట్టి తాళం వేసేదాకా."

"ఎవరు చేస్తారయ్యా గట్టి తాళం?"

మామ క్యారియరు మూత తీయబోయి, ఎవడో షట్టరు దగ్గర ఆగడం చూసి, అదాటున లేచి నిలబడ్డాడు.