ముందు పళ్ళ మధ్య సందు

2007లో ఏలూరులో నాకు చిన్న క్లినిక్ ఉండేది. వంకర పళ్ళను, ఇరుకు దవడలను సరిచేసే ఆర్థోడాంటిక్స్ నా పని. ఆ వేసవిలో తాడేపల్లిగూడెం నుంచి ఏసుపాదం గారు కూతురు సునీతని తీసుకొచ్చారు. ఆయన రైసుమిల్లులో ఫిట్టరు. అమ్మాయికి ఇరవై ఏళ్ళు, వట్లూరులో డిగ్రీ చదువుతోంది. పై దవడ మరీ ఇరుకు కావడంతో, ఏది నమలాలన్నా కింది దవడని పక్కకి జరుపుకోవాల్సి వచ్చేది.

పిల్లలకైతే ఇది తేలిక. అంగిలి మధ్యలో రెండు ఎముకలు కలిసే అతుకు ఉంటుంది. ఎక్స్‌పాండర్ అనే స్క్రూ పరికరాన్ని అంగిట్లో బిగించి, తాళంచెవిలాంటి పిన్నుతో రోజూ కాస్త తిప్పితే అతుకు విడిపోయి దవడ వెడల్పవుతుంది. ఇరవై ఏళ్ళకి అది గట్టిపడిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు ముందు సర్జరీతో ఎముకని వదులు చేసి, ఆ తర్వాత స్క్రూ తిప్పాలి. ఆ వయసులో ఎవరికి ఏది పనిచేస్తుందో ముందే చెప్పడం కష్టం.

రెండు దారులూ వివరించాను. సునీత ఏదో అనబోయింది. ఈలోగా తండ్రి అందుకున్నారు.

"కత్తి వద్దండీ. ఆడపిల్ల మొహం. స్క్రూయే పెట్టండి, రోజూ నేనే తిప్పుతానండి."

"సరేనండి. ముందు పళ్ళ మధ్య సందు వస్తే ఎముక విడిపోతున్నట్టు. నొప్పి ఎక్కువైతే మాత్రం వెంటనే ఆపేసి నా దగ్గరికి రండి" అన్నాను.

రెండో వారం వచ్చారు. సందు రాలేదు. ఎక్స్‌రేలో అతుకు చెక్కుచెదరలేదు. దవడ పళ్ళు బుగ్గల వైపు ఒరిగాయి, చిగుళ్ళు పాలిపోయి పైకి జారుతున్నాయి. స్క్రూ నేను చెప్పినదానికన్నా ఎక్కువ తెరుచుకుని ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఎన్నిసార్లు తిప్పారండీ?"

ఆయన తల దించుకున్నారు. "మిల్లులో బిగుసుకుపోయిన బోల్టు ఇంకాస్త బలం పెడితే కదులుద్దండి. ఇదీ అంతే అనుకుని రోజూ ఒకటి ఎక్కువ తిప్పానండి. ఎలాగైనా కోత తప్పిద్దామని."

"నొప్పి పుట్టలేదా అమ్మా?"

"పుట్టిందండి. నిద్ర పట్టేది కాదు. చెబితే ఆపరేషన్ అంటారు, నాన్న తట్టుకోలేరని ఊరుకున్నాను" అంది సునీత. మళ్ళీ తనే, "నాకు ఆపరేషనంటే భయం లేదండి. మొదటి రోజే చెబుదామనుకున్నాను" అంది.

ఏసుపాదం గారు కూతురి వైపు చూడలేకపోయారు. ఆయన్ని చూస్తే నా కోపం చల్లారిపోయింది. ఆయన తిప్పిందీ ప్రేమతోనే, ఆ పిల్ల భరించిందీ ప్రేమతోనే.

పరికరం తీసేసి, చిగుళ్ళు కోలుకున్నాక విజయవాడలో ఓరల్ సర్జన్ చేత ఆపరేషన్ చేయించాం. కోత అంతా పెదవి లోపలే, మొహం మీద గీత కూడా పడలేదు. తర్వాత మళ్ళీ స్క్రూ తిప్పాలి. ఈసారి పిన్ను ముట్టుకోవడానికే ఆయన జంకితే, సునీతే చేతిలో పెట్టిందట.

కొన్నాళ్ళకి మిల్లు నుంచి ఫోను వచ్చింది. యంత్రాల రొద మధ్య ఆయన గట్టిగా అరుస్తున్నారు.

"సందొచ్చిందండీ. నవ్వితే కనబడుతోందండి."

కోత లేనిది చిన్న వైద్యమని, కోత ఉన్నది పెద్దదని అందరూ అనుకుంటారు. సునీతని ఎక్కువ బాధపెట్టింది ఆ చిన్నదే. అందుకే అప్పటినుంచి రెండు దారులూ చెప్పాక, తోడొచ్చినవాళ్ళని కాసేపు బయట కూర్చోమంటాను. అప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళని అడుగుతాను, ఈ భయం నీదా, వాళ్ళదా అని.