గినీ పంది పరీక్షలో నా తుమ్ము

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడమే గొప్ప. అది మన ఒంటికి పడుతుందా లేదా అని ఎవరు ఆలోచించారు? చదువైన కొత్తలో తిరుమలగిరి దగ్గర ఒక మందుల పరిశోధనశాలలో చేరాను. పనల్లా గినీ పందులతో. (పేరుకే పందులు, చూడ్డానికి చెవులు కురచైన బొద్దు కుందేళ్లు.) ముందుగా వాటి ఒంటికి కోడిగుడ్డు తెల్లసొన పడకుండా, అంటే అలర్జీ వచ్చేలా చేస్తారు. తర్వాత ఒక్కోదాన్ని అద్దంలాంటి పెట్టెలో కూర్చోబెట్టి, ఆ తెల్లసొననే సన్నని తుంపరగా వదులుతారు. దాని ఊపిరి ఎంత బిగుసుకుందో కంప్యూటర్ తెర మీద గీతగా కనిపిస్తుంది. ఆస్తమా మందు పనిచేస్తోందో లేదో ఆ గీతే చెప్పాలి.

చేరిన కొన్నాళ్లకే నాకు తుమ్ములు మొదలయ్యాయి. సాయంత్రానికి కళ్లు ఎర్రబడి, ఛాతీలో పిల్లికూతలు. ఇంటికొస్తూ స్టేషన్ వంతెన మెట్లెక్కాలంటే ఊపిరందక మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. "సీతాఫల్‌మండి దుమ్ముకు గిట్లనే ఐతది బిడ్డా, జెర మిరియాల కషాయం తాగు" అనేది అమ్మ. ఆదివారాలు అదే దుమ్ములో క్రికెట్ ఆడినా ఒక్క తుమ్మూ రాదన్న సంగతి, పొద్దస్తమానం ఆస్తమా మీదే పనిచేసే నా బుర్రకు తట్టలేదు.

ఒకరోజు మందుల కంపెనీ నుంచి ఒక పెద్దాయన మా పని చూడటానికి వచ్చాడు. ఆయనకు నచ్చితే వాళ్ల కొత్త మందును పరీక్షించే పని మాకిస్తారు, లేదంటే అందరం ఇంటికే. మా పెద్ద మేడమ్‌ది గుంటూరు. కంగారు పడేకొద్దీ గొంతు నెమ్మదిస్తుంది. ఆ రోజు ఆమె మాట అసలు వినపడటం లేదు. నేను గినీ పందిని పెట్టెలో పెట్టి, మూత బిగించి, చేతులు దానిమీదే ఆనించి నిలబడ్డాను. అప్పుడొచ్చింది తుమ్ము. ముక్కు బిగబట్టాను. ఆగినట్టే ఆగి, పరివారంతో సహా వచ్చింది. పెట్టె అదిరింది. తెర మీద గీత కొండలా లేచింది.

"అరె వా! ఏం రియాక్షన్ అమ్మా!" అన్నాడు పెద్దాయన.

"ఇంకా తెల్లసొన వదల్లేదండీ" అంది మేడమ్.

అందరం పెట్టెలోకి చూశాం. గినీ పంది నిక్షేపంగా ఉంది. నా పిల్లికూతలు మాత్రం గదంతా వినిపిస్తున్నాయి. "ఏమయ్యా, ఎన్నాళ్ల నుంచి ఇలా?" అంది మేడమ్. "దుమ్ము మేడమ్..." అనబోతే దగ్గు అడ్డొచ్చింది. పెద్దాయన పడీపడీ నవ్వి, "మీ మిషన్ మస్తున్నది. పక్కన మనిషి తుమ్మితే సుత పట్టేస్తున్నది!" అన్నాడు. నన్ను బయటికి పంపి, పరీక్ష మళ్లీ మొదటి నుంచి సక్రమంగా చేసి చూపించారు. పని మాకే వచ్చింది.

"నా నౌకరీ పోయినట్టేనా మేడమ్?" అన్నాను వరండాలో. "ముందు నీ ఊపిరి సంగతి చూడు. పద, డాక్టరు దగ్గరికి" అంది. డాక్టరు నాచేత గొట్టంలోకి ఊదించి, చేతి మీద సూదితో గుచ్చి చూసి, నాకు పడనివి గినీ పందులేనని తేల్చాడు. మేడమ్ నన్ను వేరే గదికి మార్చి, గీతలు చదివే పని అప్పగించింది.

నెల తిరక్కుండానే ఒక సాయంత్రం స్టేషన్ వంతెన మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కేశాను. నమ్మకం కుదరక, కిందికి దిగి మళ్లీ ఎక్కాను. దారినపోయేవాళ్లు పిచ్చివాడనుకుని ఉంటారు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు అవే మెట్ల మీద మళ్లీ మధ్యలో రెండుసార్లు ఆగుతాను. తప్పు మోకాళ్లది, ఊపిరి మాత్రం పైన నిలబడి నాకోసం ఎదురుచూస్తుంటుంది.