రెండో మహిళ భర్త

ఆఫీసులో ఆయన్ని అందరూ ‘చెరిపేద్దాం గారు’ అంటారు. సైన్యంలోని నిఘా విభాగం ఎవరి ఫోన్లు వింటోందో, అనుమతి తీసుకునే వింటోందో లేదో తనిఖీ చేసే చిన్న కార్యాలయం అది. శత్రువుల సంగతి సైన్యం చూసుకుంటుంది. మామూలు జనం మాటలు పొరపాటున అందులో చిక్కితే వాటిని చెరిపించడం ఈయన పని. ఫైలు చదవడం, గంభీరంగా తలాడించడం, “చెరిపేద్దాం” అనడం.

పనికి మించిన గొప్పలు ఆయనకు ఎప్పుడూ ఉండేవి. ఎవరైనా బంధువు కులాసాగా ఫోన్లో మాట్లాడుతుంటే, అయ్యేదాకా పక్కనే నిలబడి, “మీరింత నిశ్చింతగా మాట్లాడుకుంటున్నారంటే దాని వెనక ఒక మనిషి ఉన్నాడండీ” అనేవాడు. ఆ మనిషెవరో ఎవరూ అడగరు. ఆయనే చెప్పేసేవాడు. అప్పటికి ఆ బంధువు చెప్పులేసుకుంటూ ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త ఫైలు వచ్చింది. కంటోన్మెంటుకు సరుకులు పంపే ఒక కాంట్రాక్టరు మీద సైన్యానికి అనుమానం కలిగింది. అతని ఫోను వినమని అనుమతి ఇచ్చారు. టైపు చేసినవాడు నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడు. దాంతో కాంట్రాక్టరు హాయిగా తప్పించుకున్నాడు, ఎవరో అక్కాచెల్లెళ్లు దొరికిపోయారు. పేర్లూ నంబర్లూ సైన్యంలోనే కొట్టేసి పంపుతారు కనుక ఒకామె మొదటి మహిళ, ఇంకొకామె రెండో మహిళ. సంభాషణ మొత్తాన్ని ఒక హవల్దారు తన పద్ధతిలో రాసుకొచ్చాడు.

ఆయన నవ్వు ఆపుకోలేక పక్క సీటావిడకు చదివి వినిపించాడు. అలా వినిపించకూడదని కొత్తవాళ్లకు పాఠం చెప్పేదీ ఆయనే.

“వినండి, వినండి. ‘తన భర్తకు గురక ఉన్నదనీ, లేదని భర్త వాదించుననీ రెండో మహిళ తెలిపినది. ఫొటో దిగునప్పుడు భర్త పొట్టను లోనికి పీల్చుననీ, ఫొటో ఆలస్యమైనచో ముఖము ఎర్రబడుననీ తెలిపినది. ఇరువురూ నవ్విరి.’”

పక్క సీటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పాపం, ఎవరో గానీ!”

“పాపమేంటండీ, వట్టి డబ్బా మనిషి. ఇలాంటి వాళ్లని నేను చాలామందిని చూశాను” అని పేజీ తిప్పాడు. “‘భర్త కుళాయిని స్వయముగా విప్పి పాడుచేసి, తరువాత ప్లంబరును పిలిచి, మునుపటి పనివాడు పాడుచేసినాడని...’”

అక్కడ ఆగాడు. ఆ మునుపటి పనివాడు ఈ లోకంలో లేడు. పుట్టనే లేదు. వాణ్ణి కల్పించింది ఆయనే, ఆ ముక్క తెలిసింది భార్యకొక్కదానికే.

“ఆపేశారేంటి? చదవండి” అంది పక్క సీటావిడ.

“ఏం లేదు, ఇక్కణ్ణించి అంతా మామూలే” అని మిగతాది లోలోపల చదువుకున్నాడు. ‘రెండో మహిళకు రొమ్ములో గడ్డ తగిలినది. వచ్చే మంగళవారము పరీక్షకు వెళ్లనున్నది. భర్తకు చెప్పవద్దని మొదటి మహిళను కోరినది. ప్రాధాన్యము లేదు.’

 ‘ప్రాధాన్యము లేదు’ దాకా వచ్చి, మళ్లీ గడ్డ దగ్గర్నించి చదివాడు.

ఫైల్లో మనిషిని గుర్తుపడితే వెంటనే పై అధికారికి చెప్పాలి. ఆ మనిషికీ కబురు చెయ్యాలి. దొంగచాటుగా తెలిసిన విషయాన్ని దేనికీ వాడకూడదు. ఈ మూడూ ఆయనకు కంఠతా వచ్చు. అయినా ‘చెరిపేయాలి’ అని రాసి, సంతకం పెట్టి, కిమ్మనకుండా ఇంటికి వెళ్లిపోయాడు. మంచి మొగుడిగా గుట్టుచప్పుడు కాకుండా చక్కబెట్టేద్దామనుకున్నాడు.

మంచి మొగుడు ముందు కాఫీ కప్పులు కడిగాడు. భార్య ఉతికిన బట్టలు మడతపెడుతూ వింతగా చూసింది.

“ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ? ఊరికే. ఈ వయసులో అందరూ చేయించుకుంటారు కదా, పరీక్షలూ అవీ...”

ఆమె చేతులు ఆగిపోయాయి. “అక్క చెప్పిందా?”

 కాదంటే ఇంకెవరు చెప్పారంటుంది. ఔననడానికి నోరు రాలేదు. “అదే... అంటే... ఎవరు చెబితే ఏంటిలే” అన్నాడు.

“ఒక్క మనిషికి చెప్పుకున్నానండీ” అంది ఆమె. “ఒక్కళ్లకే.”

ఆ తర్వాత అక్క ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. అది మోగుతుంటే పొయ్యి గట్టు తుడిచేది, తుడిచిందే తుడిచేది. రెండు రోజులు చూసి వదిన ఆయనకే ఫోన్ చేసింది. “మరిదిగారూ, చెల్లికి నా మీద కోపమెందుకో మీకేమైనా తెలుసా?” ఆ గొంతులో ఏడుపుంది. జనం మాటల్ని కాపాడే ఆ మహానుభావుడు సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాడు.

 మర్నాడు పొద్దున్నే తిన్నగా పై అధికారిణి గదిలోకి వెళ్లాడు.

“ఆ భర్తని నేనే మేడమ్.”

“ఏ భర్త?”

“గురక భర్త.”

తెరిచి ఉన్న తలుపులోంచి పక్క సీటావిడ తల పైకెత్తింది. “ఆ ప్లంబరు గొడవ కూడానా?”

ఆయన తల కొట్టేసినట్టయింది. అధికారిణి మాత్రం నవ్వలేదు. “మీ ఆవిడకి మేమెలాగూ చెప్పాలి. ముందు మీరు చెబుతారా?” అంది.

చెప్పాడు. నంబరు, హవల్దారు, ఫైలు, తను పైకి చదివి నవ్వడం, అన్నీ ఇంటికెళ్లి భార్యకు పూసగుచ్చినట్టు చెప్పాడు. మధ్యలో వాతావరణం తేలికవుతుందేమోనని, “నాకు గురక ఉందని ఇప్పుడు ప్రభుత్వ రికార్డే ఉంది” అన్నాడు. ఆమె నవ్వలేదు.

“చదివారు, సరే. అక్క పేరు నేనెత్తినప్పుడు కాదని ఎందుకు అనలేదు?”

ఆయన లేచి, కడిగిన కాఫీ కప్పులే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. 

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. కాసేపు దాన్నే చూసి, మళ్లీ బల్లమీద పెట్టేసింది. బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్లింది. చీకటి పడుతుండగా కళ్లు ఉబ్బి తిరిగొచ్చింది. అన్నం వడ్డిస్తూ, “పరీక్షకి అక్క వస్తుంది. మీకు చెప్పాలనిపించినప్పుడు నేనే చెబుతాను. అప్పటిదాకా మీకేమీ తెలీదు” అంది.

“సరే” అన్నాడు. రూలు కూడా అదే.

మంగళవారం వచ్చింది. ఆమె తల దువ్వుకుని, బ్యాగులో నీళ్ల సీసా పెట్టుకుంటుంటే ఆయన పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే నాటకం, అడక్కపోతే అదో నాటకం. ఆయనకు ఒళ్లంతా భయంగా ఉంది. ఆమె చెప్పి ఉంటే ఆ భయం ఆయనది అయ్యుండేది. ఇప్పుడది పైకి చూపించడానికి లేదు.

ఆమె చెప్పులేసుకుంటుంటే ఉండబట్టలేక తలుపు దాకా వచ్చాడు.

“జాగ్రత్త” అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకి చూసింది. “దేనికి?”

“ఊరికే” అన్నాడు.