ఈల పోయిందన్నాను

నేను ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. మదనపల్లె బస్టాండు దగ్గర రేడియోలు, మైకుసెట్లు రిపేరు చేసే అంగడి పెట్టి పదిహేనేళ్లయినా, స్టూలు మీద అరగంట కూర్చుంటే చాలు, కాళ్లు బయటికి లాగేవి. కరెంటు అలల్ని తెరమీద చూపించే మిషన్లు కాలేజీల్లో ఉంటాయని విన్నాను గానీ నా దగ్గర లేవు. సెట్టుకు చెవి ఆనించి, గురగుర ఎక్కడినుంచి వస్తోందో చెప్పేసేవాడిని. ఆ చెవిని చూసుకుని మహా పొగరు నాకు.

ఎనభైల్లో పుంగనూరులో మైకుసెట్లు అద్దెకిచ్చే భాయి ఒక పని చెప్పాడు. కరెంటు పోయినా తన పాత వాల్వుల యాంప్లిఫయర్ కారు బ్యాటరీ మీద నడవాలి. పన్నెండు వోల్టుల్ని వందల వోల్టులు చేసే డబ్బా కావాలి. అదీ సైకిలు హ్యాండిలుకు తగిలించుకునేంత చిన్నది.

బ్యాటరీ కరెంటు తిన్నగా వస్తుంది. తీగచుట్ట, కండెన్సరు కలిసి దాన్ని ఉయ్యాల ఊపినట్టు ఊపితేనే పెంచడానికి వీలవుతుంది. పెంచాక మళ్లీ తిన్నగా చేయాలి. ఎంత చేసినా ఆ ఊపు కొంచెం మిగిలి, మైకుసెట్టు హారన్ స్పీకర్లో ఈలలా వినిపిస్తుంది. లావుపాటి కండెన్సర్లు వేస్తే అణుగుతుంది, కానీ డబ్బా ట్రంకుపెట్టె అంత అవుతుంది. ఊపు వేగం పెంచితే చిన్నవాటితోనే పని జరుగుతుందని నా ఎత్తు. దానికి తగిన కోర్లు, అంటే తీగచుట్టల మధ్యలో పెట్టే దిమ్మల కోసం మూడుసార్లు బస్సులో కుప్పం వెళ్లి, అక్కడ బెంగళూరు రైలెక్కాను. ఇంటికొచ్చాక అన్నం తినడానిక్కూడా ఓపిక ఉండేది కాదు.

చుట్టలు చుట్టింది నా భార్య. వెంట్రుకంత తీగను ఒక్క చుట్టు తప్పకుండా చుట్టేది. ఇంట్లోనే ఒక హారన్ తగిలించి, నేను కండెన్సర్లు మార్చేకొద్దీ ఈల సన్నబడుతూ పైకి పైకి పోయి, చివరికి మాయమైంది. "పోయింది!" అని ఎగిరి గంతేశాను.

"యాడ పోయింది? ఇంగా వస్తాండాది గదా. చెవిలో సూది పెట్టినట్టుండాది," అంది ఆమె.

"నీకేం తెలుసు? పొయ్యి మింద ఏముండాదో సూసుకో పో!" అని అరిచాను.

మర్నాడే డబ్బా తీసుకుని పుంగనూరు వెళ్లాను. పెళ్లి పందిట్లో భాయి మైకు వేశాడు. ముందు వరుసలో ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు.

"ఏందప్పా ఇది? ఇంత ఈల ఏస్తాండాదే!" అన్నాడు భాయి.

హారన్ మూతికి చెవి ఆనించాను. ఏమీ లేదు. అందరూ మొహాలు చిట్లించి నావైపే చూస్తున్నారు. నేను ఈలను తీసేయలేదు, నా చెవికి అందనంత పైకి తోశాను, అంతే. ఏళ్ల తరబడి హారన్లలో తల దూర్చి పరీక్షించిన ఫలితం. సిగ్గుతో పాటు భయం కూడా వేసింది, నా ఇంటిల్లిపాదీ తినేది ఆ చెవుల సంపాదనే మరి.

తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. ఇల్లు చేరగానే ఆమె ముందు డబ్బా పెట్టి, "నాకు వినపడలే. నువ్వే ఇనాల," అన్నాను. ఆమె ఎగతాళి చేయలేదు. ఈల ఎంత గట్టిగా ఉంటే చెయ్యి అంత పైకెత్తుతానంది. ఆ ఊపుకు సరిగ్గా తగిన చిన్న చుట్ట, చిన్న కండెన్సరు కలిపి, ఈల హారన్‌దాకా పోకుండా పక్కదారి పెట్టాను. చుట్టలో కోరును లోపలికీ బయటికీ జరిపే మర తిప్పుతూ ఆమె చేతినే చూశాను. దింపింది, మళ్లీ ఎత్తింది, మెల్లగా దింపింది. చివరికి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఎన్నాళ్లనుంచి నాకిట్లా వినపడకుండా పోతాండాదో," అన్నాను.

"రెండేండ్లయింటాది. ఎనకాలనుంచి పిలిస్తే పలకవు గదా. నామింద కోపమేమోనని పిలిసేది మానేసినా," అంది.

ఇంట్లో మాటలు తగ్గాయని నాకూ తెలుసు. ఆమెకే నా మీద మనసు విరిగిందేమోనని, ఆ రెండేళ్లూ పని లేకపోయినా పొద్దుపోయేదాకా అంగడిలోనే తిరుగుతూ ఉండిపోయాను.