వదిన చెప్పిన దుకాణాలు

మాంట్రియల్‌లో ఏది ఎక్కడ కొనాలో మాకు చెప్పింది మా వదిన. చెప్పినప్పుడు బతికే ఉంది. మేం విన్నప్పుడు లేదు.

వదిన అంటే మా ఆవిడకు అక్క. పెళ్లి చేసుకోలేదు. ఆ ఊళ్లో ఒంటరిగా ఉండి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, ఫ్రెంచివాళ్లకే ఫ్రెంచి తప్పులు దిద్దే స్థాయికి చేరిన మనిషి. ఓక్‌విల్‌లో ఉన్న మమ్మల్ని ఏటా రమ్మనేది. మేం ఏటా వస్తామనేవాళ్లం. ఆరు గంటల డ్రైవ్. దాన్ని నేను వాయిదా వేసి వేసి ఆరేళ్ల డ్రైవ్ చేశాను. నిరుడు డిసెంబరులో ఖాయంగా వస్తామని మాటిచ్చాం. ఆవిడ సంబరపడిపోయి, ఏ దుకాణంలో ఏం కొనాలో వివరిస్తూ పదకొండు వాయిస్ మెసేజ్‌లు పంపింది. మా ఆవిడ వాటిని "తర్వాత తీరిగ్గా వింటా" అని పక్కన పెట్టింది. నవంబరు చివర్లో వదినకు దగ్గు ముదిరి నిమోనియాగా మారింది. డిసెంబరులో అన్న మాట ప్రకారం వెళ్లాం. షాపింగ్‌కు కాదు.

అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. పదో రోజున, గ్వెల్ఫ్‌లో ఉండే పంతులుగారు వీడియో కాల్‌లో కర్మ చేయిస్తూ, "పోయినవారి బట్టలు ఇంట్లో ఉంచకండి బాబూ" అన్నారు. ఆయన ఉద్దేశం ఆఖరి రోజున ఒంటిమీద ఉన్న జత. అది తర్వాత తెలిసింది. ఏ పనైనా నాలుగింతలు చేస్తే తప్ప నాకు చేసినట్టుండదు. వదిన అలమరాలు రెండూ ఊడ్చి, తొమ్మిది నల్ల సంచులకెత్తి, వీధి చివర విరాళాల డబ్బాలో కుక్కాను. తొమ్మిదో సంచి పట్టకపోతే భుజంతో నెట్టాను. వెనక్కి వచ్చేసరికి మా ఆవిడ ఖాళీ అలమర ముందు నిలబడి ఉంది.

"అక్క మెరూన్ కోటేదండీ? అదొక్కటీ ఉంచుకుందామనుకున్నా."

మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఏడాదిపాటు ఎత్తలేదు. మంచి రసం పెట్టేది, మంచిగా మాట్లాడేది. చలికాలం వచ్చి నేను కోటు తగిలించబోతే మాత్రం, కొక్కెం దగ్గర ఒక్క క్షణం ఆగి నా చేతులకేసి చూసేది. హత్య చేసినవాడి చేతులను కూడా అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు.

ఈ నవంబరులో తనే అంది: "ఆ మెసేజ్‌లు వినాలి. ఇంట్లో కూచుని నావల్ల కాదు. అక్కడికెళ్లి, ఏ షాపు గురించి చెప్పింది ఆ షాపు ముందు వింటా. పాత బట్టలమ్మే స్టోర్లు కూడా చూద్దాం. కోటు ఎక్కడో ఒకచోట వేలాడుతూ ఉండకపోదు."

ఉండకపోవడమే ఎక్కువ అని నాకు తెలుసు. చెప్పే మొహం నాది కాదు. కారు తీశాను.

మొదటి మెసేజ్ మర్నాడు పొద్దున మెట్రో ప్లాట్‌ఫారం మీద విన్నాం. ఇయర్‌బడ్స్ ఒకటే జత, చెరొక చెవికి ఒకటి. నా కుడిచెవిలో రైలు, ఎడమచెవిలో వదిన.

"ఒసేయ్, వచ్చారా?"

"వచ్చామక్కా" అంది మా ఆవిడ, పైకే. పక్కన నిలబడ్డ కుర్రాడు రెండడుగులు జరిగాడు. నాకూ జరగాలనే ఉంది. వైరు లేకపోయినా ఎందుకో కట్టేసినట్టుంది.

"సరే విను. ముందు మార్కెట్టు. ముందు వరసలో కొనకు, ఆ కూరగాయలు ఫొటోలకి. మూడో వరస చివర తెల్లమీసాల ముసలాయన ఉంటాడు. పచ్చిమిరపకాయలు ఆయన దగ్గరే. లోపలికి పోగానే బోంజూర్ అను, లేకపోతే మనిషిగా చూడరు. మరిదిగారిని బేరమాడనివ్వకు, ఈ ఊళ్లో నాకు పరువుంది."

తెల్లమీసాల ముసలాయన ఉన్నాడు. మీసాలు ఎంతున్నాయంటే, వాటి వెనక మనిషి ఉన్నాడా అని వెతుక్కోవాలి. మా ఆవిడ బోంజూర్ అనకముందే ఆయన రెండు చేతులూ పైకెత్తి ఫ్రెంచిలో ఏదో అరిచాడు. అడక్కుండానే కాగితం సంచి తీసి మిరపకాయలు నింపాడు, పైన కొత్తిమీర కట్ట పెట్టాడు. అప్పుడు ఇంగ్లీషులో, "ఎన్నాళ్లయిందమ్మా! జబ్బు చేసిందేమో అనుకున్నాను" అన్నాడు.

అక్కచెల్లెళ్లకు మూడేళ్ల తేడా. ముక్కు ఒకటే, గొంతు ఒకటే. పెళ్లిచూపులనాడు నేను అరగంటసేపు వదినను చూసి సిగ్గుపడ్డాను. కాబట్టి ఆయన్ను తప్పుపట్టలేను. పొరపాటు చెబుదామని నోరు తెరిచాను. మా ఆవిడ బూటు నా బూటు మీద పడింది.

"కొంచెం జబ్బే" అంది ఆయనతో. "ఇప్పుడు నయం."

బయటికొచ్చాక అడిగాను, "ఎందుకలా చెప్పావు?"

"ఆయన దృష్టిలో అక్క ఇంకా ఉందండీ. నేనెందుకు పోగొట్టాలి?"

ఆ తర్వాత పోగొట్టే అవకాశం నాకు ఎవరూ ఇవ్వలేదు. రొట్టెల దుకాణంలో అమ్మాయి "రోజూ తీసుకునేదే కదా" అంటూ గసగసాలు చల్లిన రొట్టె కాగితంలో చుట్టింది. టీ పొడులమ్మే ఆయన, "అల్లం పొడి కొత్తది వచ్చింది, మీకోసమే తీసిపెట్టాను" అని డబ్బా దించాడు. ఒక్కరూ అనుమానపడలేదు. నాకేసి మాత్రం ఈవిడ వెంట వీడెవడు అన్నట్టు చూశారు. చనిపోయిన మనిషికి ఊళ్లో అంత పలుకుబడి ఉంది. బతికి, పన్నులు కట్టి, రెండు కాళ్ల మీద నిలబడ్డ నాకు లేదు.

నాలుగో దుకాణం దాటేసరికి మా ఆవిడ నడక మారింది. మామూలుగా తను మెల్లగా నడుస్తుంది, నేను ముందుంటాను. ఇప్పుడు సంచి ఎడమ భుజానికి మార్చి, చిన్న చిన్న అంగలతో చకచకా పోతోంది. వదిన నడక అది. వెనక పరిగెడుతూ దుకాణాల అద్దాల్లోకి చూశాను. అద్దాల్లో ఉన్నది మా ఆవిడ అని నేను కోర్టులో ప్రమాణం చేయలేను.

"ఇప్పుడు ఎడంవైపు చూడు" అంది చెవిలో వదిన. "గోడవార బెంచీ ఖాళీగా ఉందా? ఎప్పుడూ ఖాళీయే. మరిదిగారిని కూచోబెట్టు, పాపం కాళ్లు లాగుతుంటాయి ఈపాటికి."

బెంచీ ఖాళీగా ఉంది. నా కాళ్లు సరిగ్గా ఆ క్షణాన మోకాళ్ల కింద నుంచి లాగుతున్నాయి. కూచోలేదు. ఆ బెంచీ మీద నేను కూచుంటే పక్కన ఎవరు కూచుంటారో అని భయం.

మధ్యమధ్యలో పాత బట్టల దుకాణాలు. అయిదు చూశాం. ఒక్కొక్కటి రైల్వే గోడౌనంత. కోట్లన్నీ భుజం భుజం రాసుకుంటూ, తలలు లేకుండా, ఎవరో పిలుస్తారని వరసల్లో నిలబడ్డట్టుంటాయి. మా ఆవిడ ప్రతి కోటునూ భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుని చూసింది, జాతరలో తప్పిపోయిన మనిషిని వెతికినట్టు. మెరూన్‌వి కనబడ్డాయి. అదికాదు, అదికాదు, అదీ కాదు. అయిదో దుకాణంలో చివరి వరసలో తన చెయ్యి ఆగింది. కోటు కాదు. వదిన పసుపుపచ్చ కుర్తా, మెడచుట్టూ అద్దాలు. ఆ అద్దాలన్నిటిలోనూ చిన్నచిన్నగా నేనే ఉన్నాను, నల్ల సంచి మోసినవాణ్ని.

కొంటుందనుకున్నాను. మడత సరిచేసి మళ్లీ తగిలించింది.

"ఎవరైనా వేసుకోనివ్వండి. నాకు కోటు కావాలి."

దుకాణాలైపోయాయి. పదకొండో మెసేజ్ ఒక్కటే మిగిలింది. పదోదాంట్లో వదిన చెప్పినట్టే, దాన్ని వినడానికి భూమి కిందికి దిగాం. ఆ ఊళ్లో చలికి భయపడి నగరం కింద ఇంకో నగరం తవ్వుకున్నారు. మైళ్లకు మైళ్లు సొరంగాలు, సొరంగాల పొడుగునా అంగళ్లు. పైన మధ్యాహ్నం రెండు. కింద ఎంతైందో చెప్పే ఆధారం లేదు. గాలి లేదు, నీడలు లేవు, జనమంతా ఒకే వేగంతో ఎదురొచ్చి ఒకే వేగంతో పోతుంటారు. యముడి దర్బారుకు వరస కట్టిస్తే ఇంత శుభ్రంగా ఉంటుంది.

"ఇది ఆఖరుది" అంది వదిన. గొంతులో దగ్గు మొదలైంది. "ఫౌంటెన్ దాటి, తాళాలు చేసేవాడి పక్క సందులోకి తిరుగు. చివర ఆల్టరేషన్లు చేసే ఆవిడ ఉంటుంది. బోర్డుండదు, ఒక్క మిషనుంటుంది. మొన్నే నా మెరూన్ కోటు ఇచ్చాను, చేతులు పొడుగయ్యాయని. మీరొచ్చేలోపు తెచ్చుకోవాలి. మర్చిపోతే గుర్తు చేయవే."

మా ఆవిడ నడిచేది నడిచినట్టే ఆగిపోయింది. జనం మా రెండు పక్కలా చీలి పోసాగారు.

"మర్చిపోతే గుర్తు చేయమంది" అంది. "నేను వినలేదు."

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ముందు నాకు కలిగింది ఆనందం. కోటు నా సంచుల్లో లేదు! ఏడాదిగా మోస్తున్న నేరం భుజం మీంచి దిగి సొరంగంలో ఎటో పోయింది. మరుక్షణం చూస్తే అది ఎక్కడికీ పోలేదు, మా ఆవిడ భుజాన కూచుంది.

సందు ఉంది. మిషను ఉంది. మిషను వెనక పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ, పెదాల మధ్య గుండుసూదులు. కళ్లద్దాల పైనుంచి మా ఆవిడను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"వచ్చావా" అంది ఇంగ్లీషులో, సూదులు తీయకుండానే. "ఏడాదిగా దీన్ని దాస్తున్నాను. ఎన్నిసార్లు ఫోన్ చేశాను! మోగుతుంది, తియ్యవు."

వదిన ఫోన్ ఓక్‌విల్‌లో మా డ్రాయరులో, చార్జింగ్ లేక రాయిలా పడి ఉంది. అందులో మోగిందేమిటో నేను అడగలేదు.

తెర వెనక నుంచి కోటు తెచ్చింది. అదే. మా ఆవిడ తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంది. నేను గోడకు ఆనుకున్నాను. ఎదురుగా ఉన్నది వదినే. పెళ్లిచూపుల్లో కూడా ఇద్దరూ ఇంత ఒకేలా లేరు.

ఒక్క చేతులు తప్ప. మణికట్టు పైన రెండు వేళ్ల వెడల్పు చర్మం కనబడుతోంది. టైలరమ్మ భృకుటి ముడిపడింది. టేపు తీసి భుజం నుంచి మణికట్టుదాకా కొలిచింది. మళ్లీ కొలిచింది. టేపు వెంట ఆవిడ చూపు మెల్లగా పైకెక్కి మా ఆవిడ మొహం దగ్గర ఆగింది.

"చేతులు పెరిగాయా?"

"లేదు. సరిపోయింది. ఇలాగే బాగుంది."

"బాగా లేదు. దగ్గు తగ్గిందా?"

"తగ్గిపోయింది" అంది మా ఆవిడ.

అప్పుడు వచ్చింది అసలు భయం. మిరపకాయల దగ్గర మొదలైన ఆట ఇక ఆట కాదు. ఈ మనిషి ఇలాగే ఈ కోటుతో, ఈ నడకతో, తగ్గిన దగ్గుతో ఈ ఊళ్లోనే ఉండిపోతుంది. రోజూ తీసుకునే రొట్టె తీసుకుంటుంది. ఆరు గంటలు నేనొక్కణ్నే డ్రైవ్ చేసుకుంటూ పోవాలి.

థాంక్యూ చెప్పి సందులోకి నడిచింది. చిన్న చిన్న అంగలు. పిలుద్దామంటే ఏ పేరుతో పిలవాలో ఒక్క క్షణం నిజంగా తోచలేదు. "ఏమే" అన్నాను. గొంతు నాకే వినబడలేదు.

తాళాలవాడి దాకా వెళ్లి ఆగింది. ఇయర్‌బడ్ ఇంకా చెవిలోనే ఉంది. అందులో వినడానికి ఇంకేమీ లేదు. తీసి గుప్పిట్లో పెట్టుకుని, వెనక్కి వచ్చి, మిషను ముందు నిలబడింది.

"కోటిచ్చింది మా అక్కండీ. పోయిన డిసెంబరులో చనిపోయింది. నేను చెల్లెల్ని. ముందే చెప్పాల్సింది."

టైలరమ్మ పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. చాలా సూదులు. ఆఖరుది గుచ్చాక మెల్లగా ఏదో ఫ్రెంచి మాట అంది. అర్థం తెలియకపోయినా అర్థమైంది. తర్వాత చెయ్యి చాచింది.

"విప్పు."

మా ఆవిడ కోటు విప్పి ఇచ్చింది. టైలరమ్మ కోటు చేతి అంచు తిరగేసి దీపం కింద పెట్టింది.

"మీ అక్క నాతో పోట్లాడింది. మిగిలిన గుడ్డ నేను కత్తిరించేస్తాను, అందరికీ అంతే. ఆవిడ ఒప్పుకోలేదు. లోపలికి మడిచి కుట్టమంది. దళసరిగా ఉంటుంది, బాగోదు అన్నా వినలేదు. మా ఊళ్లో ఇంతే అంది. ఏం ఊరమ్మా మీది?"

మా ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నావైపు తిరిగి తెలుగులో అంది, "మా అమ్మ పావడాలకి మూడేసి టక్కులు పెట్టేదండీ. అక్క ఎదిగినకొద్దీ ఒక్కోటి విప్పేది. అన్నీ విప్పాక నాకొచ్చేవి. నేను పొడుగయ్యేసరికి విప్పడానికేం మిగిలేది కాదు. అక్కని ఎంత తిట్టుకున్నానో."

టైలరమ్మ బ్లేడు తీసుకుని కుట్లు విప్పింది. మడత తెరుచుకుంది. లోపల దాగిన రంగు పై రంగుకన్నా ముదురుగా ఉంది, ఎండ తగలని చర్మంలాగా. దాన్ని మా ఆవిడ మణికట్టు మీద పరిచి సుద్దతో గీత గీసింది. మూడు వేళ్ల గుడ్డ ఉంది. కావలసింది రెండు.

"ఒకటి మిగిలింది" అంది కత్తెర అందుకుంటూ. "తీసెయ్యనా?"

"వద్దు" అంది మా ఆవిడ. "లోపలికి మడిచి కుట్టండి."