అమ్మ చెవులతో నాన్న బండి

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి మోటార్ సైకిల్ ఉన్నది మా నాన్నకే. పూర్ణా మార్కెట్‌కి దగ్గర్లో ఉండేవాళ్ళం. నాన్న హార్బరు పక్కన ఇనుప పడవలకి పట్టిన తుప్పుని సుత్తితో రాలగొట్టే షెడ్డులో పని చేసేవాడు. సెలవు రోజు సాయంత్రం నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డు తిప్పేవాడు. గేరు ఎప్పుడు మార్చాలో అప్పుడే చెప్పాడు.

"ఇంజిను గోల పెడతందనుకో, పై గేరు అడగతన్నట్టు. మూలుగుతందనుకో, మొయ్యలేకపోతంది, కిందకి దించాల. ఏదీ సూడక్కర్లేదు పాపా, ఇంటే సాలు."

నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. ఇప్పుడు మారుస్తాడు అనుకునేసరికి నాన్న ఎడమ పాదం కదిలేది.

ఆ పాదం ఆలస్యం కావడం మొదట కనిపెట్టింది నేనో, అమ్మో చెప్పలేను. షెడ్డులో పొద్దస్తమానం ఇనుము మీద పడే సుత్తి దెబ్బలు నాన్న చెవుల్ని కొంచెం కొంచెంగా తినేశాయి. పోయిన వినికిడి ఇక వెనక్కి రాదని డాక్టరు అమ్మతో చెప్పాడట. నాన్న మాత్రం జలుబు చేసిందనేవాడు. మేమూ జలుబనే అనేవాళ్ళం.

ఒకరోజు మార్కెట్ దగ్గర బండి చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. నాన్నకి తెలియడం లేదు. ఆయన స్నేహితుడొకడు కొట్టు ముందు నుంచి, "ఏటి బావా, ఫస్టు గేర్లోనే భీమిలి దాకా ఎల్తావేటి?" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో పలకరించారనుకుని నాన్న కూడా నవ్వి చెయ్యి ఊపాడు. ట్యాంకు మీద కూర్చున్న నాకు ఎటు చూడాలో తెలియలేదు. గేరు మార్చమని చెప్పాలంటే ఆయన వినేంత గట్టిగా అరవాలి. అలా అరిస్తే బజారంతా వింటుంది.

ఆ వానాకాలంలోనే అమ్మ సింహాచలం వెళ్దామంది. ఎందుకో చెప్పలేదు. నాన్న వెనక నేను, నా వెనక అమ్మ. మద్దిలపాలెం దాటి కొండ కిందకి చేరేదాకా బాగానే వెళ్ళాం. పైకి ఎక్కుతుంటే ఒక మలుపులో ఇంజిను మూలగడం మొదలుపెట్టింది. కిందకి దించాలని నాకు తెలుస్తోంది. నాన్న వీపు మీద చెయ్యి వేశాను, భయపడుతున్నాననుకుని "ఏటీ అవ్వదమ్మా" అన్నాడు. అంతలోనే బండి ఆగిపోయి వెనక్కి జారింది. వెనకే బస్సు వస్తోంది, హారను మోగుతూనే ఉంది. అమ్మ నన్ను పట్టుకుని దూకేసింది. నాన్న రెండు కాళ్ళూ రోడ్డుకి ఆనించి, బ్రేకు నొక్కిపట్టి ఎలాగో ఆపాడు. బస్సు మా పక్కకి వచ్చి ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టి నానా మాటలూ తిట్టాడు. నాన్న ఆయన వైపు చూడలేదు. మా మొహాల వైపు చూశాడు. అసలేం జరిగిందో, ఎంత దగ్గరగా జరిగిందో మా మొహాల్లో వెతుక్కున్నాడు.

బస్సు వెళ్ళిపోయాక పిట్టగోడ మీద కూలబడ్డాడు. వాన తుంపర పడుతోంది. అమ్మ వైపు చూసి, "నాకు ఇనబడ్డం లేదే" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

అమ్మ ఆయన ముందు నిలబడి, పెదాలు కనబడేలా నెమ్మదిగా అంది. "నాకు ఇనబడతంది కదా."

మళ్ళీ బండెక్కాం. అమ్మ నా మీదుగా చెయ్యి చాచి నాన్న భుజం మీద వేసింది. ఇంజిను గోల పెడితే వేలితో తట్టేది, మూలిగితే భుజం నొక్కేది. మొదట తొందరపడి తట్టింది, బండి ఎగిరిపడింది. "ఇంకొంచెం ఆగాల" అన్నాడు నాన్న. తర్వాత ఇద్దరికీ కుదిరింది. హ్యాండిలు ఎన్నడూ పట్టని అమ్మ, ఇన్నేళ్ళూ వెనక కూర్చుని, గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింటూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

కానీ రోజూ షెడ్డుకి వెళ్ళేది నాన్న ఒక్కడే. పొద్దున్న బండి అరుచుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోనే ఉండేది. "మార్సు, మార్సు" అని పైకే గొణుక్కునేది. బండి మానెయ్యమని చెప్పొచ్చుగా అని ఒకసారి కోపంగా అడిగాను.

"సెప్తే మానేత్తాడే. మానేసినాక రేపు పొద్దున్న లేసి ఏటి సేత్తాడు?" అంది.

ఆ ఏడాది చివర నాన్నే బండి అమ్మేసి సిటీ బస్సులో వెళ్ళడం మొదలుపెట్టాడు. కారణం మేం అడగలేదు. ఆ తర్వాత ఆయన మాటలు కూడా తగ్గిపోయాయి. ఆయన చేత మాట్లాడించడం అమ్మ వల్ల కూడా కాలేదు.

ఇప్పుడు మా ఆయనకి పక్షవాతం వచ్చాక మాట సగంలో ఆగిపోతుంది. పిల్లలు ప్రేమకొద్దీ ఆ మాట పూర్తిచేసేస్తారు, ఆయన మొహం తిప్పేసుకుంటారు. నేను తర్వాతి మాటలో మొదటి అక్షరం ఒక్కటే అందించి ఊరుకుంటాను. ఒక్కోసారి మిగతాది ఆయనే అనేస్తారు. ఆ పూట అన్నం నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు. రాని రోజు రాదు. చెయ్యగలిగిందేమీ ఉండదు. తొందరేమీ లేనట్టు పక్కనే కూర్చుంటాను.