ఫుప్పు ఆరు మీటలు

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా భాబీ. అమీర్‌పేటలో తాను బ్లౌజులు కుట్టే దుకాణానికి పోతూ, మెట్లెక్కి వచ్చి నా గది తలుపు తట్టింది.

"నీ డబ్బా మళ్ళ పండుకుంది," అంది చెప్పులైనా విప్పకుండా. "నిన్న నేను ఇంటికి పోయేసరికి అమ్మీ మూగగ కూసుంది. ఎప్పటి సంది అట్ల కూసుందో. అడిగితే చెప్పనీకి నోరేది?"

అమ్మీ అంటే ఆమె అత్త. నాకు ఫుప్పు, మా నాన్నకు అక్క. పక్షవాతం వచ్చి ఫుప్పుకు మాట, కుడి చేయి పోయాయి. ఎడమ చేతితో నొక్కడానికి ఆరు పెద్ద మీటలున్న డబ్బా ఒకటి చేసిచ్చాను. లోపల అగ్గిపెట్టెలో పట్టేంత బోర్డు, అందులో పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాం. యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కు తగిలిస్తే, మీటలు నొక్కుతూ తెర మీది మాటలు ఏరుకోవచ్చు. ఏరిన వాక్యాన్ని లాప్‌టాప్ పైకి చదువుతుంది. డబ్బా ఆగిపోతే తీగ పీకి మళ్ళీ పెట్టాలి. అది ఒంటి చేత్తో ఫుప్పు వల్ల కాదు. పంజగుట్ట ఇంట్లో అందరూ పనులకు పోయాక సాయంత్రం దాకా ఆమె ఒక్కతే.

"తీసి అల్మారల పెట్టమని సైగ చేసింది," అంది భాబీ. "మీటల మీద చెయ్యే పెడ్తలేదు. జర చూడు," అని సంచిలోంచి డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

ఫుప్పు ఆ డబ్బాను వదిలేస్తే ఇక మాట్లాడదు. నన్ను కుంగదీసింది ఆ మాటే. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను బడికి పోలేదు. అక్షరాలు, లెక్కలు, ఖురాన్ చదవడం, అన్నీ ఫుప్పు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నేర్పింది. తప్పు చదివితే కత్తి ఆపేది, అంతే. ఆ తర్వాత ప్రోగ్రాములు రాయడం కూడా నేను ఇంట్లోనే, ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. ఎవరి పక్కనా బెంచీ మీద కూర్చున్న అలవాటు నాకు లేదు.

నా గది కింద రెండంతస్తుల్లోనూ కోచింగ్ సెంటర్లే. ఒక బ్యాచ్ దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంది. మెట్ల మీద పిల్లలు ఒకరి నోట్సు ఒకరు అడుక్కుంటుంటారు. నేను కర్రీ పాయింట్‌లో కూర కట్టించుకుని వాళ్ళను తప్పుకుంటూ పైకి పోతాను. ఇలాంటి బోర్డు గురించి అడగడానికి ఆ భవనంలో ఒక్కరైనా ఉంటారని తెలుసు. ఎలా మొదలుపెట్టి అడగాలో తెలియదు. రోజంతా నాతో మాట్లాడేది తెర మీది ఒక్క వరుసే: మెమరీ ఇంత మిగిలింది, ఇంత మిగిలింది అని.

ఆ వరుస తరిగిపోవడం చూసి, దొంగ దొరికిందనుకున్నాను. మీట నొక్కిన ప్రతిసారీ నా ప్రోగ్రాం కొత్త మాటలు పుట్టించి పాతవి పారేస్తోంది. చిన్న బోర్డు, చోటు ముక్కలై నిండిపోతోంది. దాన్ని సరిచేశాను. ఎంతసేపు నడిపినా డబ్బా చెక్కుచెదరలేదు. ఫుప్పు ఇంటికి పంపాను. మర్నాడు భాబీ ఫోన్ చేసింది, మళ్ళీ ఆగిందని.

నా దగ్గర ఆగనిది అక్కడ ఎందుకు ఆగుతోంది? ఆదివారం మధ్యాహ్నాలు వెళ్ళి గంటసేపు కూర్చుంటాను కదా, అప్పుడూ ఆగేది కాదు. ఈసారి పనిరోజు పొద్దున్నే నడిచి పంజగుట్ట పోయాను. ఫుప్పు నన్ను చూసి ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని కొలిచింది, చిక్కిపోయావని. అల్మారాలోంచి డబ్బా తీసి తగిలించాను. ఆమె నా ముఖం చూసి, నా కోసమే అన్నట్టు మీటలు నొక్కడం మొదలుపెట్టింది.

మసీదు నుంచి మధ్యాహ్నం నమాజుకు పిలిచే జొహర్ అజాన్ వినిపించింది. ఫుప్పు మీటల మీంచి చేయి తీసి, లాప్‌టాప్ మూత మూసేసింది.

అజాన్ అయ్యేదాకా మా ఇంట్లో ఎవరూ నోరు మెదపరు. టీవీ కట్టేస్తారు, చెప్పే మాట సగంలో ఆపుతారు. ఫుప్పుకు ఇప్పుడు నోరంటే లాప్‌టాపే. అందుకే దాన్ని మూసింది.

ఇద్దరం నమాజు చేసుకున్నాం, ఆమె కుర్చీలో, నేను పక్కన చాప మీద. తర్వాత ఆమె మూత తెరిచింది. డబ్బా పలకలేదు.

మూత మూస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది. నా గదిలో పరీక్షకు అడ్డమని దాన్ని నిద్రపోనివ్వకుండా పెట్టుకున్నాను. నేను నమాజుకు లేచినా అది మేలుకునే ఉండేది. ఇక్కడ అది నిద్రపోగానే, యూఎస్‌బీ తెగిందనుకుని నా ప్రోగ్రాం మళ్ళీ మొదటినుంచి లేచేది. లేచేముందు తన మెమరీ అంతా తుడిచేసుకునేది. 'నేను ఫలానా మీటల డబ్బాను' అని లాప్‌టాప్‌కు చెప్పుకునే వివరం కూడా నేను ఆ మెమరీలోనే పెట్టాను. లాప్‌టాప్ లేచి ఎవరు నువ్వని అడిగితే డబ్బా ఏదో పిచ్చి జవాబిచ్చేది. ఆ వివరాన్ని ప్రోగ్రాం తుడవలేని వేరే చోట పెట్టాలి, అంతే. అల్‌హందులిల్లా అనుకున్నాను. అది నా కళ్ళముందే ఆగినందుకు, ఆ వేళకు నేను ఆమె పక్కనే ఉన్నందుకు.

సరిచేసిన రోజు సాయంత్రం భాబీ చాయ్ తెచ్చింది. అంతకుముందే, పొద్దు వాలాక వచ్చే అసర్ అజాన్‌కు మూత మూసి తెరిస్తే డబ్బా పలికింది. ఫుప్పు చాలాసేపు ఏరుకుని ఏరుకుని నొక్కింది. లాప్‌టాప్ గొంతు చదివింది: "కోడలు చాయ్‌ల చక్కెర ఎయ్యదు."

"షుగర్ ఉన్నోళ్ళకు ఎవరేస్తరు?" అంది భాబీ. "గిది చెప్పనీకేనా ఇంత కష్టపడి బాగు చేయించుకున్నది?"

ఫుప్పు నా వైపు చూసి మళ్ళీ నొక్కింది. "పిల్లకు సుత పొయ్యి. ఆమెకెయ్యి చక్కెర."

ఆ రాత్రి గదికి తిరిగొచ్చాక కూడా ఆ గొంతు నాకు తోడున్నట్టే అనిపించింది. డబ్బా ఆ తర్వాత ఆగలేదు. కానీ ఈ మధ్య ఫుప్పుకు పక్షవాతం ఇంకోసారి వచ్చింది. ఇప్పుడు ఆ ఎడమ చేతికి రెండు మీటలే అందుతున్నాయి. రెండింటితోనే మాటలు ఏరుకునేలా ప్రోగ్రాం తిరగరాస్తున్నాను. త్వరగా రాయాలి. ఒక్కోసారి ఆమె నొక్కకుండా మీట మీద వేలు ఉంచి కూర్చుంటుంది, నేను ఎదురు చూస్తాను. మీరు చేతులెత్తినా, జోడించినా, ఎక్కడ ఎలా ప్రార్థించినా, పంజగుట్టలో మాట కోసం వెతుక్కుంటున్న ఆ పెద్దావిడను ఒక్కసారి తలుచుకోండి.